గవర్నర్‌గారి అల్లుడు?

లంచ్‌లో మా ఆఫీసు బోస్టన్ ఆయన ఫోన్ తీసి తన వంశవృక్షం చూపించాడు. వేలితో పైకి జరుపుతూ పోతే కొసన జాన్ హౌలండ్. 1620లో ఇంగ్లండ్ నుంచి అమెరికాకి వలసొచ్చినవాళ్ల మేఫ్లవర్ ఓడెక్కిన మనిషి!

ప్రతి తరానికీ పుట్టుక, పెళ్లి, చావు కాగితాలు పెడితేగానీ మేఫ్లవర్ వారసుల సంఘంలో చేర్చుకోరట.

ఈ హౌలండ్ ఓడలో, తర్వాత ఆ వలసకి గవర్నరైన జాన్ కార్వర్‌గారి పనివాడు. తుఫానులో సముద్రంలో పడి, నీళ్లలో వేలాడుతున్న తెరచాప తాడు దొరకబుచ్చుకుని బతికాడు. ఆ తర్వాత పదిమంది పిల్లలు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఇద్దరు బుష్‌లూ ఆ సంతతే.

నాకు పట్టింది మాత్రం భార్య సంగతి.
ఆవిడ గవర్నర్ కార్వర్ ఇంటి పిల్లేనని తరాలపాటు చెప్పుకున్నారు. అదే ఓడలో వచ్చిన బ్రాడ్‌ఫర్డ్ రాసిపెట్టిన వలస చరిత్ర రాతప్రతి లండన్ బిషప్ లైబ్రరీలో బయటపడి 1856లో అచ్చయ్యాక తేలింది, ఆవిడ ఎలిజబెత్ టిల్లీ అని. అదే ఓడలో వచ్చి, మొదటి చలికాలంలోనే అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్ల.

గవర్నర్ చుట్టరికం ఊడిందని ఎంతమంది ముఖాలు మాడాయో :)
నన్నడిగితే ఆ టిల్లీ పిల్ల మనవలమని చెప్పుకోవడమే గొప్ప.

మీ ఇళ్లల్లోనూ జమీందారు చుట్టరికాలు ఉండే ఉంటాయిగా? పాత కాగితమేదో దొరికి గాలి పోయినవి ఉంటే చెప్పండి, వింటాం.