ధాన్యం అడుగున తడి

మా పెద్దబ్బాయి హైదరాబాదులో ఏ ఉద్యోగం చేస్తున్నాడని అసర్ నమాజు తరువాత మసీదు వరండాలో ఎవరైనా అడిగితే, "కంప్యూటర్ పని" అని ఒక్క మాటతో ముగించేవాణ్ణి. మూడేళ్ళు అలాగే గడిచాయి. ముప్ఫై ఏళ్ళుగా మదరసాలో క్రయవిక్రయాల అధ్యాయం బోధిస్తున్న నాకు, నా కన్నకొడుకు ఏమి అమ్ముతున్నాడో తెలియదు. అతడి సంపాదనలో కొంత భాగం ప్రతి నెలా మా ఇంటికి వస్తుంది. దానితో కొన్న అన్నమే నేను తింటున్నాను. అయినా ఆ సొమ్ము ఏ మాట చెబితే వచ్చిందని ఒక్కనాడూ అడగలేదు. ఆ ఏమరుపాటుకు అల్లాహ్ నన్ను మన్నించుగాక!

క్రిందటి రంజాన్ పండుగకు వచ్చిన అబ్బాయి, ఆ తరువాత సుమారు నెల రోజులు ఇంటి నుంచే పని చేశాడు. ఇంట్లో ఫోను సిగ్నల్ సరిగా అందేది నా పుస్తకాల గదిలోనే. అందువల్ల ఒక మూల అతడు ల్యాప్‌టాప్ ముందు, మరో మూల నేను ప్రవేశ పరీక్షల పత్రాల ముందు కూర్చునేవాళ్ళం. వద్దనుకున్నా అతడి మాటలు నా చెవిన పడేవి. "వాయిదా", "వకాల్తా", "కక్షిదారు", "గుమాస్తా" వంటి మాటలు విని ఆశ్చర్యపోయాను. కంప్యూటర్ పనికీ కోర్టుకీ సంబంధమేమిటి? అడిగాను. అప్పుడు చెప్పాడు.

ప్లీడరు గారి ఆఫీసు చూడనివారు మనలో తక్కువే. గోడ పొడుగునా బీరువాలు, వాటిలో తాళ్ళు కట్టిన కేసు కట్టలు, బల్ల మీద వాయిదాలు రాసుకునే లావుపాటి డైరీ. ఏ కేసు ఏ కోర్టులో ఏ తేదీకి ఉన్నదో, ఎవరు ఎంత ఫీజు చెల్లించారో, ఎవరి దస్తావేజు ఏ కట్టలో ఉన్నదో గుమాస్తాకే తెలుస్తుంది. గుమాస్తా జబ్బు పడితే ఆఫీసు స్తంభించిపోతుంది. మా అబ్బాయి కంపెనీ సాఫ్ట్‌వేర్ ఈ డైరీనీ, కట్టలనూ, ఫీజు పద్దునూ ఒక్కచోటికి చేరుస్తుంది. మన దేశంలో ఈ-కోర్టుల పథకం 2007లో ప్రారంభమైన తరువాత జిల్లా కోర్టుల కేసుల వివరాలు క్రమంగా ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. ప్రతి కేసుకూ పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన సి.ఎన్.ఆర్. సంఖ్య ఉంటుంది. దానిని ఒకసారి నమోదు చేస్తే తదుపరి వాయిదా తేదీ ఫోనుకే వస్తుంది. న్యాయవాది ఎక్కడున్నా కట్టలోని కాగితాన్ని ఫోనులో తెరిచి చూసుకోగలడు. అందుకు ఏడాదికింత అని రుసుము చెల్లిస్తాడు.

"కాగితాలు ఎక్కడుంటాయి బేటా?" అని వాళ్ళ అమ్మ అడిగింది.

"క్లౌడ్‌లో అమ్మీ."

"మబ్బుల్లో కాగితాలేమిట్రా?"

అబ్బాయి నవ్వాడు. "మబ్బు కాదు అమ్మీ. ఎక్కడో దూరంగా ఉండే వేరొకరి కంప్యూటరు. ఇంటర్నెట్ ద్వారా దానిని వాడుకుంటాం. అంతే."

వేరొకరి కంప్యూటరు! ఆ మాట నా మనసులో నాటుకుంది. మరొకరి సొత్తు ఇంకొకరి వద్ద భద్రపరచడాన్ని ఫిఖహ్ గ్రంథాలు 'వదీఅత్' అంటాయి. అది అమానత్. పైగా ఇక్కడ అమానత్ మీద అమానత్ ఉన్నది. కక్షిదారు తన గుట్టునూ దస్తావేజునూ న్యాయవాదికి అప్పగించాడు. న్యాయవాది దానిని ఈ కంపెనీకి అప్పగించాడు. కక్షిదారు చెప్పుకున్న రహస్యాన్ని న్యాయవాది బయటపెట్టరాదని మన దేశ సాక్ష్య చట్టం కూడా విధిస్తున్నది. సాఫ్ట్‌వేర్ మాత్రం అమ్మకం కాదు. ఫలానా కాలానికి ఫలానా ప్రయోజనం వాడుకోవడానికి చెల్లించే రుసుము గనుక అది 'ఇజారా', అంటే అద్దె ఒప్పందం. అద్దెకిచ్చే ఇంటికి కప్పు కారుతుందని ముందే చెప్పవలసిన బాధ్యత యజమానికి ఎలా ఉంటుందో, దీనికీ అలాగే ఉంటుంది. నేను పాఠంలో ఒంటెలనూ, పొలాలనూ, ఇళ్ళనూ ఉదాహరణగా చెబుతూ వచ్చిన నియమాలన్నీ నా కొడుకు ల్యాప్‌టాప్‌లో ఉన్నాయని ఆ రోజే గ్రహించాను.

అతడి గదిలో ఉండే మిత్రుడు ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కే అమెరికా న్యాయవాదుల కోసం రాత్రి వేళల్లో సహాయకుడిగా పనిచేస్తాడట. ఆ దేశంలో న్యాయవాది తన కక్షిదారుల సొమ్మును సొంత సొమ్ముతో కలపరాదు. దానికి వేరే ఖాతా ఉండాలి, ప్రతి కక్షిదారు పద్దూ విడిగా రాయాలి. ఒకరి సొమ్ము మరొకరి ఖర్చుకు వాడితే న్యాయవాది పట్టాయే పోవచ్చు. విన్నప్పుడు నా ఒళ్ళు పులకరించింది. అమానత్ సొమ్మును వేరుచేయలేనంతగా తన సొమ్ముతో కలిపేసినవాడు దానికి పూచీ వహించవలసి ఉంటుందని మన హనఫీ ఫకీహులు శతాబ్దాల క్రితమే నిర్ణయించారు. అక్కడి ఆ ఖాతాలపై వచ్చే వడ్డీ మనకు సమ్మతం కాదు, అది వేరే విషయం. కానీ అమానత్‌ను కలపరాదన్న సూత్రాన్ని వారు చట్టంగా చేసుకుని పాటిస్తుంటే, మన మసీదు కమిటీల పద్దులు ఎలా ఉన్నాయో తలచుకుని సిగ్గుపడ్డాను.

కొడుకు పని చూసి సంతోషించిన రోజులు అవి. ఉదయం పదింటికి కోర్టు మొదలయ్యే ముందు ఫోన్లు వచ్చేవి. పాస్‌వర్డ్ మరచిన జూనియర్లు, కాగితం కనిపించక కంగారుపడే గుమాస్తాలు. అబ్బాయి విసుక్కోకుండా ఒకే సంగతి నాలుగుసార్లు చెప్పేవాడు. "సర్, తేదీ తప్పుగా నమోదు చేస్తే మెషీన్ కూడా తప్పు తేదీనే గుర్తు చేస్తుంది. మీ డైరీతో ఒకసారి సరిచూసుకోండి" అనేవాడు. ప్రతివాది జవాబు దాఖలు చేయడానికి మామూలుగా 30 రోజులు, జిల్లా కోర్టు తీర్పుపై హైకోర్టుకు మొదటి అప్పీలు చేయడానికి 90 రోజులు గడువు ఉంటుందట. గడువు తప్పితే ఒక వితంతువు ఇల్లు పోవచ్చు. ఫోనులో ఓపికగా మాట్లాడటం కూడా ఖిద్మతే అనిపించింది.

ఇక నా తప్పు చెబుతాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అది నెలాఖరు. రాయలసీమలోని ఒక చిన్న పట్టణంలో నలభై ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్న వృద్ధ న్యాయవాది సాఫ్ట్‌వేర్ తీసుకోవాలని అనుకుంటున్నారు. ఆయన అడిగినది ఒక్కటే ప్రశ్న. "బాబూ, రేపు నేను వద్దనుకుంటే నా కాగితాలన్నీ నాకు తిరిగి వస్తాయా?" జవాబు మరునాడు చెబుతానని అబ్బాయి ఫోను పెట్టేశాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"అబ్బాజాన్, 'మీ డేటా ఎప్పుడైనా దించుకోవచ్చు' అని చెప్పమని మాకు నేర్పారు. అది అబద్ధం కాదు. కేసుల జాబితా ఒక్క నొక్కుతో వస్తుంది. కానీ కట్టల్లోని కాగితాలు మాత్రం ఒక్కొక్కటిగా దించుకోవాలి. వేల కాగితాలుంటే నెలలు పడుతుంది. చందా ముగిసిన 30 రోజులకు అన్నీ చెరిపేస్తారు. ఇదంతా ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంది. ఆయన చదవలేదు. నేను నేర్పినంత వరకే చెబితే తప్పా?"

ఆ ఒక్క బేరం కుదిరితే అతడి నెల లక్ష్యం పూర్తవుతుంది, ఎనిమిది వేల రూపాయలు అదనంగా వస్తాయి. చెల్లెలి కాలేజీ ఫీజుకు ఆ సొమ్మే అనుకున్నామని మా ఇద్దరికీ తెలుసు. నేను పరీక్షా పత్రం మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాను. "నువ్వు జీతగాడివి. మాట కంపెనీది. నువ్వు అబద్ధమాడటం లేదు కదా. బాధ్యత వారిది."

అతడి ముఖం తేలికపడింది. తండ్రి మాత్రమే కాదు, ఆలిం కూడా అనుమతించాడు మరి!

మరునాడు ఉదయం తరగతిలో హిదాయా మూడవ సంపుటం మొదలుపెట్టాను. అది క్రయవిక్రయాల అధ్యాయంతోనే ప్రారంభమవుతుంది. ప్రతి సంవత్సరం తొలి పాఠంలో నేను చెప్పే హదీసు ఒకటున్నది. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలోనికి చేయి పెట్టి చూస్తే వేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. అటువంటప్పుడు తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడితో తనకు సంబంధం లేదని హెచ్చరించారు. ఆ వర్తకుడు అబద్ధమాడలేదు, అడగగానే నిజమే చెప్పాడు. అతడి తప్పల్లా తడిని అడుగున ఉంచడమే. ఇదంతా చెప్పి, అలవాటు ప్రకారం ఉదాహరణ ఎత్తుకున్నాను. "దుకాణంలో ఒక నౌకరు ఉన్నాడనుకోండి. అడుగున తడి ఉన్నదని అతడికి తెలుసు. చెప్పవద్దని యజమాని ఆజ్ఞాపించాడు. ఇద్దరిలో పాపం ఎవరికి?" ఎప్పటిలాగే పిల్లలు "ఇద్దరికీ" అన్నారు. సృష్టికర్తకు అవిధేయత కలిగే చోట ఏ సృష్టికీ విధేయత లేదని ముప్ఫై ఏళ్ళుగా నేనే వారికి వివరిస్తున్నాను. ఆ రోజు నోట మాట రాలేదు. పాఠం అక్కడే ఆపి లేచాను.

ఇంటికి వెళ్ళేసరికి బేరం కుదిరిపోయింది. ఏడాది రుసుము కంపెనీకి చేరింది. అబ్బాయి సంతోషంగా ఉన్నాడు. వాడి పక్కన కూర్చుని, "బేటా, నిన్న నేను చెప్పినది తప్పు. నీకు డబ్బు రావాలన్న కోరిక నాలో ఉండి నా చేత అలా అనిపించింది" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నిన్ననే చెప్పి ఉంటే ఒక్క మాటతో పోయేది, అబ్బాజాన్" అన్నాడు. అందులో కోపం లేదు. అందుకే మరింత గుచ్చుకుంది.

జుహ్ర్ తరువాత ఆ న్యాయవాదికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. ఆయన మెల్లగా, "అవి నా కాగితాలైతే సరేలే బాబూ. జనం కాగితాలు. రేపు ఎవరైనా వచ్చి మా నాయన పట్టా ఇవ్వండి అంటే నేనేం చెప్పాలి?" అన్నారట. సొమ్ము వాపసు కోరారు. వాపసు ఇవ్వడం కంపెనీ నియమాల్లో లేదు. అబ్బాయి పై అధికారికి తన పొరపాటును ఒప్పుకుంటూ లేఖ రాశాడు, మాటలు పడ్డాడు, మళ్ళీ రాశాడు. మూడు వారాలకు సొమ్ము వాపసు అయింది. అదనపు మొత్తం పోయింది. ఆ సంవత్సరం జీతం పెంపు జాబితాలోనూ అతడి పేరు లేదు. కాగితాలన్నీ ఒకేసారి దించుకునే సౌకర్యం కల్పించమని కంపెనీకి రాసిన వినతికి ఇప్పటివరకు జవాబు లేదు. ఆ న్యాయవాది తన పాత డైరీతోనే ఉన్నారు. కూతురి ఫీజు ఒక మిత్రుడు ఖర్జె హసనాగా ఇచ్చిన సొమ్ముతో కట్టాము. వాయిదాల మీద తీర్చుకుంటున్నాము.

అబ్బాయి అదే ఉద్యోగంలో ఉన్నాడు. ఇప్పుడు కాగితాలు దించుకునే కష్టాన్నీ, 30 రోజుల గడువునూ అడగకముందే కొనుగోలుదారుకు చెబుతాడు. బేరాలు కొన్ని తగ్గాయి. తీసుకున్నవారు మాత్రం ఏ సమస్య వచ్చినా కంపెనీ నంబరుకు కాక నేరుగా అతడికే ఫోను చేస్తున్నారట. దీనిని ప్రతిఫలమని నేను అనను. ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉన్నది.

పాఠకులకు నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. కోర్టు వ్యవహారం ఉన్నవారు తమ కేసు సి.ఎన్.ఆర్. సంఖ్యను న్యాయవాదిని అడిగి రాసిపెట్టుకోండి. ఈ-కోర్టుల యాప్‌లో వాయిదా తేదీ ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అసలు దస్తావేజులు ఎవరికి అప్పగించినా రసీదు తీసుకోండి, నకళ్ళు ఇంట్లో ఉంచుకోండి. అప్పు తీసుకుంటే గడువుతో సహా రాసుకోమని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 282వ ఆయతులో ఎంత వివరంగా ఆదేశించిందో మనకు తెలుసు. రాత పట్ల మన ఇళ్ళల్లో ఉన్న అలసత్వం మన ధర్మం నేర్పినది కాదు.

మరొక మాట. మన పిల్లలు ఈనాడు కంటికి కనిపించని సరుకులు అమ్ముతున్నారు. సరుకు కనిపించనప్పుడు తడి కూడా కనిపించదు. రాశిలోనికి చేయి పెట్టి చూడగలిగినవాడు అమ్మేవాడు ఒక్కడే. కనుక జీతం ఎంత అని అడిగే తల్లిదండ్రులం, ఆ జీతం కోసం కొనుగోలుదారుకు ఏమి చెబుతున్నావని కూడా అడుగుదాం. వారు మనల్ని ధర్మసందేహం అడిగినప్పుడు, మన అవసరాన్ని పక్కన పెట్టి జవాబు చెబుదాం. నేను అలా చెప్పలేకపోయాను.

అల్లాహ్ మన సంపాదనలను పరిశుద్ధం చేయుగాక! మన నాలుకలనూ, మన అమానతులనూ కాపాడుగాక! ఆమీన్.