వాననీడ

రాయలసీమ కథల్లో వాన ఒక పాత్ర. అలుగుతుంది, ఆశపెడుతుంది, పైరు కాలిపోయాక తీరిగ్గా వచ్చి నట్టింట్లో కూర్చుంటుంది. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, స్వామి కథలు చదువుతూ పెరిగినవాణ్ణి కాబట్టి ఆ వాన నాకు దగ్గరి చుట్టంలాగే తెలుసు. ఈమధ్య వరసపెట్టి సీమ కథలు మళ్ళీ చదువుతుంటే మాత్రం ఒకటి వెలితిగా అనిపించింది. ఆ మబ్బు ఎక్కడ బయల్దేరింది, దారిలో ఎవరికి ఎంత ఇచ్చి వచ్చింది అన్నది నేను చదివినవాటిలో పెద్దగా కనబడదు. కథ ఊరి పొలిమేర దగ్గర మొదలవుతుంది, మబ్బు కూడా అక్కడే పుట్టినట్టు.

మ్యాపు తీసి చూస్తే ఆ మబ్బు కథ వేరేగా ఉంటుంది. కర్ణాటకలో పడమటి కనుమల అంచున ఆగుంబె అని చిన్న ఊరు. ఏడాదికి 7000 మిల్లీమీటర్లకు పైగా వాన. అక్కణ్ణుంచి ఈశాన్యంగా సుమారు 300 కిలోమీటర్లు గీత గీస్తే అనంతపురం తగులుతుంది. ఇక్కడ 550 చిల్లర. అరేబియా సముద్రం మీంచి తడి మోసుకొచ్చే గాలి కనుమలకి తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, ఉన్నదంతా అక్కడే కురిసేస్తుంది. ఇవతలికి దిగేటప్పుడు మళ్ళీ వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి తడిని తనలోనే దాచుకుంటుంది గానీ వానగా వదలదు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని వర్షచ్ఛాయ అంటారు. వాననీడ అంటే ఇంకా బాగుంటుందని నా ఉద్దేశం. చెట్టు నీడలా చల్లగా ఉండదు, అదొక్కటే తేడా.

వాన ఆగిపోతుంది గానీ గాలి ఆగదు. జూన్, జూలై నెలల్లో మా వైపు వచ్చినవాళ్ళకి ఆ గాలి గురించి చెప్పనక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని నమ్ముకునే. బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు దగ్గర హగరి నది ఇసుకని లేపి పొలాల మీద దిబ్బలుగా పోసేదీ ఆ గాలే. మొదటిసారి చూసినప్పుడు ఏదో రాజస్థాన్ సినిమా సెట్‌లాగా అనిపించింది. (జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన మాకేనని చిన్నప్పట్నుంచి వింటున్నాం. బార్మేర్‌, బికనీర్‌లలో ఇంకా తక్కువ పడుతుంది. కరువులో కూడా ర్యాంకు కావాలి మనకి.)

మా జేజి దగ్గర ఈ లెక్కంతా కార్తెల్లో ఉండేది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటీ పదమూడు పద్నాలుగు రోజులు. ఆరుద్ర, పునర్వసుల్లో వాన పడితే చెనక్కాయ విత్తాలి. పైరు ఊడలు దిగే ఆగస్టులో వాన కావాలి. అప్పుడే అది మొహం చాటేస్తుంది. మా జిల్లాలో ఏడాది మొత్తమ్మీద ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో, ఆ తర్వాత అక్టోబరులో. అంటే ఉత్తర, హస్త కార్తెల్లో, నైరుతి వెళ్ళిపోతూ ఈశాన్యం మొదలవుతున్నప్పుడు. నైరుతికి పడమటి కనుమలు అడ్డం. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చేదానికి దూరం అడ్డం, మధ్యలో నల్లమల, వెలికొండలు అడ్డం. దేశంలో రెండు రుతుపవనాలున్నాయి, మాకు రెండింటి తోకలూ దక్కాయి.

బండి నారాయణస్వామి నవల ‘శప్తభూమి’కి 2019లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం కథ. ఆ నవల నాకు ఇష్టం, పేరుతోనే ఇబ్బంది. నవల కంటే ఆ పేరు ఎక్కువమందికి చేరింది. సీమ గురించి ఏ వేదిక మీద మాట్లాడినా ఆ మాట వాడేస్తున్నారు. శాపం అన్నాక ఇంక ఎవరినీ ఏమీ అడగడానికి ఉండదు. 550 మిల్లీమీటర్లంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. లండన్‌లో కురిసేదీ ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లే. అక్కడ అది పన్నెండు నెలలూ తుంపర్లుగా పడుతుంది, ఎండ పీల్చేయదు. మాకు నాలుగైదు పెద్ద వానల్లోనే చాలావరకు అయిపోతుంది, మిగతా రోజులు ఎండ పని ఎండ చేసుకుపోతుంది. ఎంత పడాలన్నది కనుమలు తేల్చాయి. పడినదాన్ని ఆపాలా వద్దా అన్నది కనుమల చేతిలో లేదు.

పాతకాలం వాళ్ళకి ఇది బాగా తెలుసు. అనంతపురం ఊరికి ఆ పేరు చెరువు వల్లే వచ్చిందంటారు. విజయనగర కాలంలో కట్టించిన అనంతసాగరం అది. మా జిల్లా నుంచి తెలుగు కావ్యంలోకి ఎక్కిన కథ కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’. అందులో కరువు లేదు! పెద్ద వాన, తెగబోతున్న బుక్కరాయసముద్రం చెరువు కట్ట, ఊరిని కాపాడ్డానికి గండిలోకి దిగిన ఒక కోడలు. కరువుసీమ తన గురించి తాను చెప్పుకున్న పెద్ద కథ వరద కథ. 2022 అక్టోబరులో అనంతపురం టౌన్లో కాలనీలు మునిగి జనం పడవల్లో బయటికొస్తుంటే నాకు ముసలమ్మే గుర్తొచ్చింది. వంకల్లో ఇళ్ళు కట్టుకున్నాక నీళ్ళు ఎక్కడికి పోతాయి?

చెరువులు పూడిపోతున్న కాలంలోనే పొలాలూ మారాయి. కొర్ర, సజ్జ, జొన్న, ఆరికె పండిన చేలల్లోకి లక్షల ఎకరాల్లో చెనక్కాయ వచ్చింది. నూనెకి ధర ఉంది, వాన తప్పినా కొంత ఓర్చుకునే పైరు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక సంగటి కోసం కొర్రలు పండించాల్సిన పనీ తగ్గింది. రైతు తెలివితక్కువవాడై చేసిన పని కాదిది. కాకపోతే పది రకాల పైర్లుంటే ఏదో ఒకటి ఏదో ఒక కార్తెలో అందుకునేది. ఒక్కటే ఉంటే, ఆగస్టులో వాన రాకపోతే జిల్లా మొత్తం ఒకేసారి కూలబడుతుంది. సర్వర్లన్నీ ఒకే ర్యాక్‌లో పెట్టినట్టు.

కనుమలు ఆపేసిన వాన మాకు అసలు రాదనీ అనలేం. ఆగుంబెకి దగ్గర్లో పారే తుంగ, భద్రతో కలిసి హోస్పేట డ్యామ్‌కి చేరుతుంది. అక్కణ్ణుంచి హైలెవల్ కెనాల్‌లో అనంతపురం వస్తుంది. అరేబియా సముద్రానికి 64 కిలోమీటర్ల దూరంలో మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన కృష్ణ, ఆ సముద్రం వైపు చూడకుండా తూర్పుకి 1400 కిలోమీటర్లు నడుస్తుంది. దారిలో శ్రీశైలం వెనక జలాల్ని పంపులతో ఎత్తి హంద్రీ-నీవా కాలవలో పోస్తారు. మబ్బుగా రావాల్సింది కాలవగా వస్తోంది. మధ్యలో ట్రిబ్యునళ్ళు, గేట్లు, కరెంటు బిల్లులు ఉన్నాయి.

ఆ కాలవ మా ఊరికి కొన్ని మైళ్ళ అవతల పోతుంది. మా పొలం దానికంటే మిట్టలో ఉంది. అంతే, కథ మళ్ళీ బోరుకి వచ్చింది.

ఇప్పటికి మూడు వేయించాం. రెండింట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు, మూడోది ఈ ఎండాకాలం గురకపెట్టి ఆగిపోయింది. మా కింద ఉన్నది నైస్, గ్రానైటు. స్పాంజిలాగా నీళ్ళు పట్టే రాయి కాదు. పైన మెత్తబడిన పొరలో కొంచెం, లోపల పగుళ్ళలో కొంచెం, అంతే ఉంటుంది. వెయ్యి అడుగులు తొలిచినా పగులు తగిలితేనే నీళ్ళు. నాలుగోదానికి మోటారుతో కలిపి రెండున్నర లక్షలు. నాయన ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను.

“పాయింటు బాగా పెట్టినాడప్పా. టెంకాయ చేతిలో నిట్టనిలువుగా నిలబడింది.”

“ముందర మూడిట్లోనూ నిలబడింది కదా నాయనా.”

“నిలబడింది లే. బోరు పోతే లెక్క పోతాది, మళ్ళ సంపాదిచ్చుకోవచ్చు. చీనీ చెట్లు ఎండితే మళ్ళ కాపుకి ఐదేండ్లు పడతాది. అన్నాళ్ళు నేనుండల్ల గదా.”

మూడెకరాల చీనీ తోట. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నప్పుడు, చెనక్కాయతో వేగలేక పెట్టాడు. ఆ చెట్ల మీదే చెల్లెలి పెళ్ళి అయింది. నా దగ్గర కనుమలున్నాయి, శిలలున్నాయి, ఎకరానికి 22 లక్షల లీటర్ల లెక్కుంది. ఆయన చెప్పిన ఐదేళ్ళకి జవాబు మాత్రం వాటిలో లేదు. అయినా లండన్ సంగతి కూడా చెప్పాను.

“ఆడ చీనీ పెట్టినారా?” అన్నాడు.

డబ్బు పంపించాను. బోర్‌బండి బుధవారం వస్తుందట. పొలం కింది మూలలో పూడిపోయిన కుంట ఒకటుంది, మా తాత తవ్వించింది. ఉత్తర కార్తెలోగా దాని పూడిక కూడా తీయిస్తే జేసీబీ ఖర్చు నాదేనన్నాను. చూద్దాంలే అన్నాడు. పక్కనుంచి అమ్మ మాత్రం, తీయిస్తాడులే, నేనుండా గదా అంది.