మైమరువు

మా మేనల్లుడు మొదట అడిగింది తాండ్ర పాపారాయుడి వేషం. "మావయ్యా, మన జిల్లా వీరుడే కదా, అదొక్కటి కుట్టించి పంపించు" అన్నాడు ఫోన్లో. వాడుండేది కాలిఫోర్నియా. అక్కడ మధ్యయుగాల బట్టలు కట్టుకుని, కవచాలు తొడుక్కుని, బెత్తం కర్రల్నే కత్తులనుకుని కొట్టుకునే సంఘం ఒకటుంది. సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం అని పేరు. 1966లో బర్కిలీలో ఒక ఇంటి పెరట్లో కొందరు స్నేహితులు సరదాకి మొదలుపెట్టారట, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. వాళ్లకో నియమం ఉంది: వేషం ఏ దేశానిదైనా 1600కి ముందుదై ఉండాలి. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. నూటయాభై ఏళ్ల పైచిలుకు ఆలస్యం. పాపారాయుడికి ప్రవేశం లేదు.

నాకు కాస్త ఊరటగానే అనిపించింది. పాపారాయుడనగానే నా తరానికి కళ్లముందు నిలబడేది 1964 సినిమాలో ఎస్వీ రంగారావు. తర్వాతివాళ్లకి 1986లో కృష్ణంరాజు. ఊళ్లో నాటకాలకి అద్దెకు తెచ్చే డ్రెస్సులు కూడా అలాంటివే. మఖమల్ కోటు, జిగినీ అంచు, ఛాతీమీద వెండిరంగు రేకు. డ్రాయింగు మేస్టారుగా ముప్పై ఏళ్లలో నేను అట్టమీద ఎన్ని డాళ్లకి రంగులు వేశానో లెక్కలేదు. అవి నాటకానికి చాలు. ఈ కుర్రాడి సంఘంలో మాత్రం ఎవడు ఏది తొడుక్కున్నా పక్కవాడు అడిగే ప్రశ్న ఒకటే: "దీనికి ఆధారమేమిటి?"

యూరప్ వాళ్లకి ఆధారాలు ఎలా దొరుకుతాయో వాడే చెప్పాడు. స్వీడన్‌కి చెందిన గోట్లాండ్ ద్వీపంలో విస్బీ అనే ఊరు. 1361 జూలైలో అక్కడి రైతులు డెన్మార్క్ రాజు సైన్యంతో పోరాడి వందలూ వేలుగా చచ్చిపోయారు. ఎండలకి శవాలు పాడైపోతుంటే, కవచాలు విప్పే తీరిక లేక, తొడుక్కున్నవాటితోనే గుంటల్లో పూడ్చేశారు. గత శతాబ్దంలో తవ్వి తీశారు. ఏ చొక్కాకి ఎన్ని ఇనప రేకులు, ఏ రేకుకి మేకు ఎక్కడ కొట్టారు, అన్నీ బొమ్మలతో 1939లో ఒక పెద్ద పుస్తకం వేశారు. దాన్ని ముందుపెట్టుకుని ఇవాళ ఎవరైనా ఆ చొక్కా చేసుకోవచ్చు.

మనం చనిపోయినవాళ్లని కాల్చేస్తాం. కాల్చకపోయినా మన వానలూ చెదలూ బట్టని బతకనివ్వవు. మధ్యయుగాల భారతీయ నూలుబట్ట ముక్కలు చూడాలంటే ఎక్కడో ఈజిప్టులో, పాత కైరో పక్కన ఫుస్తాత్ ఇసకలో దొరికిన గుజరాతీ అద్దకం గుడ్డలు చూడాలి. మన దగ్గర మిగిలింది రాయి.

రాయికి మాకేం తక్కువ! రామతీర్థం అంటే అందరికీ రాములవారి గుడీ, శివరాత్రి జాతరా గుర్తొస్తాయి గానీ, ఊరి వెనక బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ ఉన్నాయి. బౌద్ధుల విహారాల పునాదులు, జైనుల గుహలు. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి గురువు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఇక్కడికొచ్చి కొండకి దండం పెట్టుకున్నాడని గుహలో శాసనం కూడా ఉంది, వెయ్యేళ్ల నాటిది. సరే, మన కొండమీది శిల్పాలు చూసి ఆనాటి బట్టలు పోల్చుకుందామని వాడు ఉత్సాహపడ్డాడు. "ఒరే, అవి దిగంబర తీర్థంకరుల విగ్రహాలురా" అన్నాను. ఫోన్లో కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత పని కొంచెం పద్ధతిగా పెట్టుకున్నాను. మాది కళింగం కాబట్టి తూర్పు గాంగుల శిల్పాలు చూడాలి. ముఖలింగం వెళ్లాను. గాంగుల తొలి రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు చెప్పే ఊరు. అక్కడ దేవుళ్లూ నాయికలూ ఎక్కువ, నాకు కావలసిన మామూలు బంటు తక్కువ. కోణార్కలో దొరికాడు. పదమూడో శతాబ్దంలో మొదటి నరసింహదేవుడు కట్టించిన ఆ గుడి అధిష్ఠానం చుట్టూ ఏనుగులు, గుర్రాలు, నడిచిపోయే సైన్యం వరసలు వరసలుగా ఉన్నాయి. అందరూ కొణార్క చక్రాల ఫొటోలు తీసుకుంటుంటే నేను మోకాళ్లమీద కూచుని ఆ కింది వరసల బొమ్మలు గీసుకున్నాను. సూర్యుడి కాళ్లకి చక్కటి బూట్లున్నాయి. కాలిబంటుకి లేవు. జుట్టు కొప్పుగా ముడేశాడు. చేతిలో కత్తి, డాలు. నడుముకి గుడ్డ, అదీ మోకాలికి పైనే, బిగించి కట్టిన దట్టి. నేను చూసినవాళ్లలో ఎక్కువమందికి ఛాతీమీద ఏమీ లేదు.

బొమ్మలు పంపిస్తే మేనల్లుడు రెండ్రోజులు మాట్లాడలేదు. తర్వాత, "మావయ్యా, ఇది మరీ గోచీలా ఉంది. అందరూ ఇనప చొక్కాలతో వస్తే నేను ఇలా వెళ్లాలా? 'బాహుబలి'లోలాగా ఏదైనా..." అని ఆగాడు.

నాకు వాడి తాత, అంటే మా నాయన గుర్తొచ్చాడు. నాట్లకి దిగితే ఆయన ఒంటిమీద ఉండేది సరిగ్గా ఈ గుడ్డే. అదే కట్టు, అదే బిగింపు, తలకి తువ్వాలు అదనం. మా అక్క పెళ్లయి విశాఖపట్నం వెళ్లాక, ఆయన కూతురింటికి వెళ్లాలంటే పెట్టెలోంచి లాల్చీ తీసేవాడు. "అల్లుడుగోరి ఈదిలో పరువు పోద్ది" అనేవాడు. ఆయన ఒంటిని చూసి సిగ్గుపడడం ఆయనకి మేమే నేర్పాం. గుడిగోడమీద ఉన్న బంటుని చూసి ఇబ్బందిపడుతున్నది కూడా ఆ సిగ్గే అని నా అనుమానం. సైన్యంలో ఇనుము కొనగలిగినవాడు దొర. మా ఊళ్లలోంచి ఈటె పట్టుకుని వెళ్లినవాడికి మొలగుడ్డే సైనిక దుస్తు. సినిమావాళ్లు అతనికి తగరపు ఛాతీ తొడిగి గౌరవించామనుకుంటారు. నాకది గౌరవంలా కనిపించదు. అతను ఏమీ తొడుక్కోకుండా నిలబడ్డాడన్న సంగతిని అది చెరిపేస్తుంది. ఇంతా వాడికి చెప్పలేదు. "మీ తాత కట్టు ఇదేరా, ఫొటో పంపిస్తాను చూడు" అన్నాను. పొలంగట్టుమీద తీసింది ఒకటుంది. పంపించాను. "నడుందగ్గర ఆ మడత ఎలా వేశాడు?" అని జవాబొచ్చింది. అక్కణ్ణుంచి పని ముందుకి నడిచింది.

గుడ్డే కదా, సులువనుకుంటారు. అసలు కష్టం అక్కడే. పదమూడో శతాబ్దపు గుడ్డ అంటే చేత్తో వడికిన నూలు, చేత్తో నేసిన నేత. అదృష్టవశాత్తూ పొందూరు మాకు దగ్గరే. అక్కడ ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. సన్నటి పళ్లవరస, దువ్వెనకన్నా నాజూకు. గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిదొప్పలో పెట్టుకుని వడుకుతారు. నూరో నెంబరు నూలు దాకా తీస్తారు. గాంధీగారు ఆ పని చూసి రమ్మని కొడుకు దేవదాసుని పంపించారంటారు. మధ్యాహ్నమంతా కూచుని చూశాను. కొనబోయేసరికి రెండు చిక్కులొచ్చాయి. ఆ సన్నపు గుడ్డ బంటుది కాదు, రాజుది. బంటుకి ముతక కావాలి. రెండోది, రాట్నం. మన దేశంలో రాట్నం ఉందని తేల్చిచెప్పే తొలి ప్రస్తావన 1350లో ఇసామీ రాసిన పారశీక కావ్యంలోదని ఇర్ఫాన్ హబీబ్ చూపించారు. అంటే కోణార్క కట్టేనాటి నూలు చాలావరకు కదురుమీద తీసిందే అయ్యుండాలి. గాంధీగారి రాట్నమే మా బంటుకి అనాక్రోనిజం!

కదురు నూలుతో అయిదు గజాల బట్ట నేయించే స్తోమతు నాకు లేదు. పొందూరులోనే తక్కువ నెంబరు ముతక ఖద్దరు, రంగు వేయనిది, తీసుకున్నాను. ఎవరైనా అడిగితే "నేత సరైనదే, నూలు మాత్రం వందేళ్లు కుర్రది" అని చెప్పమన్నాను.

ఇంతా అయ్యాక ఇంకో గొడవ. ఆ బట్టతో వాడు విందుకి వెళ్లొచ్చు, కొట్లాటకి దిగనివ్వరు. తలకి, మెడకి, మోచేతులకి, మోకాళ్లకి, నడుము వెనక మూత్రపిండాల దగ్గర రక్షణ లేకపోతే బరిలోకి రానివ్వరట. పద్ధతైన నియమమే. దెబ్బలు నిజమైనవి. అయితే మనవాళ్లు తొడుక్కున్న కవచం ఏదైనా చూపించాలి, అదీ 1600 లోపు.

తెలుగులో కవచానికి మాటలకి కొదవలేదు. జోడు, మైమరువు. మై అంటే ఒళ్లు. తలకి పెట్టుకునేది బొమిడికం. మాటలున్నాయంటే వస్తువులూ ఉండేవన్నమాటే. శ్రీనాథుడిదని చెప్పే చాటువొకటుంది కదా, కన్నడరాజు కొలువుకి వెళ్లి తను పడ్డ పాట్లు ఏకరువు పెట్టేది. నెత్తిన కుళ్లాయి, ఒంటికి పెద్ద కూర్పాసం, అలవాటులేని తిండి. కవిగారి ఫిర్యాదు మనకి వేషాల చరిత్ర. కొలువులో కుట్టిన అంగీ తప్పనిసరని దానివల్లే తెలుస్తోంది. ఆ కుళ్లాయిలు ఎలా ఉండేవో లేపాక్షి కప్పుమీది బొమ్మల్లో చూడొచ్చు. ఇక యుద్ధపు అంగీ సంగతి పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చి రాశాడు. రౌతులు పొరలు పొరలుగా కుట్టిన అంగీలు వేసుకున్నారని, లోపల గట్టి పచ్చితోలు, ఇనపరేకులు ఉంటాయని, పైన పట్టూ మఖమలూ అని. తుపాకులవాళ్లకీ మందపాటి అంగీలున్నాయట. ఆ సైన్యం మాకు పరాయిది కాదు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516లో సింహాచలం వచ్చి శాసనం వేయించాడు, పొట్నూరులో జయస్తంభం నాటాడు. ఆ అంగీలు మా ఎండలో నడిచాయన్నమాట.

పొరలు పొరలుగా కుట్టిన అంగీ. పేస్ చెప్పింది చదువుతుంటే నాకు తట్టింది, దీని పేరు మనకి తెలుసు. బొంత.

మా వీధి చివర బొంతలు కుట్టే ముసలమ్మ ఉంది. వరసకి అప్ప అంటాను. పాత కోకలు తీసుకెళ్లి, కాగితమ్మీద అంగీ బొమ్మ గీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటి బావూ ఇది? సేతులెట్టిన బొంతా?"

"యుద్ధానికప్పా."

"ఈ ఎండలో బొంత కప్పుకుని ఎవులు సేత్తారు యుద్దం?"

"పూర్వం చేశారు."

"మరి సచ్చిపోరా ఉక్కకి," అంది. ప్రశ్న ఎంత సరైనదో కుర్రాడు మొదటిసారి తొడుక్కున్నాక ఒప్పుకున్నాడు.

కొత్త బట్ట కొంటానంటే వద్దంది. కొత్తది సూదికి లొంగదు, పాతదైతే పొరకి పొర అంటుకుపోతుంది. ఇదే మాట ఫ్రాన్సులో పదిహేనో శతాబ్దపు రాజు పదకొండో లూయీ ఆజ్ఞాపత్రంలోనూ ఉంది. సైనికుడి అంగీకి పాతిక, ముప్పై పొరల బట్ట, మీద దుప్పి తోలు; బట్ట మాత్రం వాడి మెత్తబడ్డదైతేనే మేలు అని. మా అప్పకి చెబితే "ఆ రాజు ఇంట్లో ఆడోళ్లెవులో సెప్పుంతారు" అంది.

పద్దెనిమిది పొరలు, మధ్యలో పల్చగా దూది, అంగుళానికొక వరస చొప్పున నిలువు కుట్లు. రౌతుల మఖమల్ జోలికి పోలేదు, పైన పొందూరు ముతకే. తోలు వేయలేదు, ఆ పచ్చితోలు వాసనతో అప్ప పనిచేయనంది. ఆరు వారాలు పట్టింది. తూకం వేస్తే నాలుగు కిలోల చిల్లర. పంపేముందు పరీక్షించకుండా ఉండలేకపోయాను. మిగిలిన ముక్కని అలాగే పద్దెనిమిది పొరలు కుట్టించి ఊకబస్తాకి చుట్టి, పొలంలో వాడే కత్తితో గట్టిగా నరికాను. నాలుగు పొరలు తెగాయి, అయిదో దాంట్లో కత్తి ఆగిపోయింది. గునపంతో పొడిస్తే మాత్రం ఆగలేదు, ఊకదాకా దిగింది. నరుకుని ఆపుతుంది, పోటుని ఆపదు. ఎండలో దీన్ని మోస్తూ నడిచినవాడికి ఆ తేడా బాగా తెలిసే ఉంటుంది.

అప్ప పక్కనే నిలబడి చూసింది. పొలంలో చాకిరీ చేసి పాతబడ్డ ఆమె కోకలు కూడా అందులో మూడున్నాయి. తెగిన నాలుగు పొరలూ వేలితో లెక్కపెట్టి, కింద ఉన్నది తన పచ్చకోకేనని నాకు చూపించింది.

కుర్రాడికి రెండూ ఒకే పార్సిల్లో పంపాను. విందుకి తాత కట్టు, బరిలోకి బొంత అంగీ. కాళ్లకి ఏమీ వద్దన్నాను, వాడు వినలేదు, అక్కడ ముళ్లుంటాయట. కస్టమ్స్ కాగితంలో లోపలున్నదేమిటో రాయమంటే కౌంటర్ దగ్గర కాసేపు ఆలోచించాను. కవచం అని రాస్తే పెట్టె విప్పమంటారు. పాత నూలు బొంత, ఒకటి. పంచె, ఒకటి అని రాశాను. బొమిడికం ఇనపది కావాలి కాబట్టి అది అక్కడే చేయించుకోమన్నాను.