బీదర్‌లో ఒక రోజు

హైదరాబాదు నుంచి జహీరాబాదు మీదుగా వెళితే బీదర్ సుమారు 140 కిలోమీటర్లు. సెలవు దినాన ఫజర్ నమాజు చేసుకుని పిల్లలతో బయలుదేరాము. ఎండ ముదరక ముందే కోట ద్వారం చేరుకున్నాము.

15వ శతాబ్దిలో బహమనీ సుల్తాన్ అహ్మద్ షా తన రాజధానిని గుల్బర్గా నుంచి ఈ ఎర్రనేల పీఠభూమి మీదకు మార్చాడు. కోట లోపలి సోలా ఖంబా మసీదు పేరుకు పదహారు స్తంభాలదే కాని, లోనికి అడుగుపెడితే వరుసల వెనుక వరుసలుగా స్తంభాలు కనిపిస్తాయి. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో తప్పి, నవ్వుకుంటూ మళ్లీ మొదలుపెట్టారు. మాకూ తొందర లేదు.

కోట నుంచి ఊళ్లోకి వచ్చి బిద్రీ పనివారి దుకాణం ముందు ఆగాము. తుత్తునాగం, రాగి కలిపి పోసిన పాత్రపై సన్నని ఉలితో లతలు చెక్కి, ఆ గాళ్లలో వెండి తీగను పొదుగుతారు. చివరకు కోటలోని పాత మట్టి కలిపిన ద్రావణంతో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది.

జుహర్ నమాజు, భోజనం ముగించుకుని మహమూద్ గవాన్ మదరసాకు వెళ్లాము. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుంచి వర్తకునిగా వచ్చి, బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన విద్వాంసుడు 1472లో పూర్తి చేయించిన మూడంతస్తుల విద్యాలయమిది. పాఠశాలలు, గ్రంథాలయం, మసీదు, విద్యార్థులకు, అధ్యాపకులకు గదులు ఇందులో ఉండేవి. ఔరంగజేబు కాలంలో ఇక్కడ నిల్వ చేసిన మందుగుండు పేలి కట్టడంలో కొంత భాగం కూలిపోయింది. నేడు ఒక్క మీనారే మిగిలింది. దానిపై రంగు పలకలు ఇప్పటికీ అక్కడక్కడా మెరుస్తున్నాయి.

ఆ నీడలో కూర్చుని పిల్లలకు గవాన్ కథ చెప్పాము. ఆయన లేఖలు 'రియాజుల్ ఇన్షా' అనే సంపుటంగా నేటికీ ఉన్నాయి. అంతటి లేఖకుని ప్రాణం తీసింది ఒక దొంగ ఉత్తరమే! గిట్టనివారు ఆయన ముద్రను ఖాళీ కాగితంపై వేయించి, ఒడిశా రాజును దండెత్తి రమ్మని ఆయన పిలిచినట్లు రాశారు. సుల్తాన్ మూడవ ముహమ్మద్ షా అప్పుడు మన కొండపల్లి వద్ద విడిది చేసి ఉన్నాడు. ముద్ర తనదే కాని ఉత్తరం తనది కాదని వృద్ధ మంత్రి చెప్పినా విచారించలేదు. 1481 ఏప్రిల్‌లో అక్కడే తల తీయించాడు. తరువాత నిజం తెలిసి కుమిలిపోయి, ఏడాది తిరగకుండానే తానూ కన్నుమూశాడు.

"ఎవరు రాశారో ముందే కనుక్కోవచ్చు కదా, అబ్బా?" అన్నది మా చిన్నమ్మాయి.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కానప్పుడు నిజానిజాలు విచారించాలని, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని సూరా హుజురాత్ 6వ ఆయతు హెచ్చరిస్తున్నది. ఇది మేము ఎన్నోసార్లు పారాయణం చేసిన ఆయతే. అయినా పొలం పంపకం విషయంలో మా తమ్ముడు ఏదో అన్నాడని ఒక బంధువు చెప్పగానే నమ్మి, రెండేళ్లుగా అతనితో మాట మానుకున్నాము. తోటి ముస్లిముతో మూడు రోజులకు మించి మాట మానడం తగదని దైవప్రవక్త (సఅసం) బోధించిన సంగతి కూడా తెలిసినవారమే.

సాయంత్రం ఊరి వెలుపల ఉన్న గవాన్ సమాధి వద్ద ఆగి దుఆ చేశాము. సుల్తానుల గుమ్మటాల వంటి ఆర్భాటమేదీ అక్కడ లేదు.

తిరుగు దారిలో జహీరాబాదులో మగ్రిబ్ నమాజు చేసి, తమ్మునికి ఫోను చేశాము. ఆ మాట అన్నావా అని సూటిగా అడిగాము. అవతల కొంతసేపు నిశ్శబ్దం.

"అనలేదు, భాయిజాన్. రెండేళ్లుగా మీరు అడుగుతారనే ఎదురుచూస్తున్నాను" అన్నాడు.

వచ్చే జుమా నాడు మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు, ఇన్షా అల్లాహ్.