నమలని రోజులు

నా చిగుళ్లకు సర్జరీ అయ్యాక కొన్నాళ్లు తినకూడనివేమిటో చూస్తే, తెలుగువాడి విస్తరిలో సగం అందులోనే ఉంది: ఆవకాయ, అప్పడం, వడియాలు, జంతికలు. కారం తగిలితే కుట్లు మండుతాయి. పలుకుగా ఉన్నదేదైనా వాటి సందుల్లో ఇరుక్కుంటుంది. స్ట్రాతో పీలిస్తే గాయం మీద గడ్డకట్టిన రక్తం కదిలిపోవచ్చు. ఇక మిగిలింది ముద్దపప్పు, పెరుగన్నం, మెదిపిన ఇడ్లీ. ఇడ్లీ విషయంలో మాత్రం చెన్నైకి దండం పెట్టాల్సిందే.

తమిళుల ఆడి మాసం. చెన్నై మాంబలంలో అమ్మవారి గుడి ముందు పెద్ద గుండిగలోంచి రాగి కూళు పోస్తున్నారు. మన అంబలే. ఉల్లిపాయ ముక్కలు వద్దని చెప్పి గిన్నెలో పోయించుకున్నాను. పులిసిన పిండి వాసన ముందు తగిలింది, వెనకాల ఉప్పు, మజ్జిగ చల్లదనం. పంటితో పని లేకుండానే గొంతు దిగిపోయింది.

పళ్లన్నీ పోయిన అమ్మమ్మ తమలపాకూ వక్కా చిన్న రోట్లో దంచుకునేది. జంతికను పాలలో వేసుకుని, అది నానేదాకా దానివంకే చూస్తూ కూర్చునేది. మేం ఎదురుగా కరకరలాడిస్తూ నవ్వేవాళ్లం. రుచి పంటిలో ఉందా, నాలుక మీద ఉందా, ఆ ఎదురుచూపులో ఉందా? ఆవిణ్ణి ఎవరమూ అడగలేదు. నాకైతే కుట్లు విప్పే రోజంటూ ఒకటుంది. ఆవిడకు అదీ లేదు. అయినా పండక్కి జంతికలు వండుతుంటే, పొయ్యి దగ్గర అందరికంటే ముందు పీట వాల్చుకునేది ఆవిడే. ఉప్పు తక్కువైందని మొదట చెప్పేదీ ఆవిడే.