మౌలాలి గుట్ట కింద: 'ఏం పోయింది బిడ్డా?'

ఆ ఆదివారం ఉదయం ఆరున్నరకి మౌలాలి గుట్ట మెట్ల దగ్గర ఒక బండ కింద వంగి చూస్తున్నా. చేతిలో ఫోన్, బ్యాగులో ఒక ఖాళీ ప్లాస్టిక్ డబ్బా. వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఏం పోయింది బిడ్డా?"

ఏమీ పోలేదు. నేను పోగొట్టుకోవడానికి రాలేదు, దాచడానికి వచ్చాను. కానీ ఆ మాట ఒక పెద్దాయనకి పొద్దున్నే ఎలా చెప్తాం? ముందు మీకు చెప్తా, అప్పుడు ఆయన దగ్గరికి వద్దాం.

జియోకాషింగ్ అని ఒక ఆట ఉంది. ఒకరు ఒక చిన్న డబ్బాలో నోట్‌బుక్ పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మిగతా వాళ్లు ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, దొరికితే పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాని మళ్లీ అదే చోట పెట్టేసి వచ్చేస్తారు. అంతే. బహుమతి లేదు, డబ్బు లేదు. "మరి ఎందుకురా?" అని మా రూమ్మేట్ ఇప్పటికీ అడుగుతాడు. క్రికెట్‌లో బాల్ వెనక ఎందుకు పరిగెత్తుతావురా అంటే వాడి దగ్గరా జవాబు లేదు.

ఈ ఆట పుట్టిన రోజు పక్కాగా తెలుసు. జీపీఎస్ అమెరికా మిలటరీది. మామూలు జనానికి వచ్చే సిగ్నల్‌లో వాళ్లు కావాలనే తప్పు కలిపేవారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో క్లింటన్ ప్రభుత్వం ఆ కల్తీ ఆపేసింది. ప్రపంచంలో ఉన్న జీపీఎస్ రిసీవర్లన్నీ రాత్రికి రాత్రే బాగుపడ్డాయి. మే 3న ఒరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ కన్సల్టెంట్ ఒక నల్ల బకెట్‌ని అడవిలో సగం పాతిపెట్టి, ఆ చోటు వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. కొన్ని రోజుల్లోనే మైక్ టీగ్ అనే ఆయన కనిపెట్టాడు. ఆ బకెట్‌లో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక క్యాటపుల్ట్‌తో పాటు బీన్స్ డబ్బా ఒకటి ఉందట. ఇవాళ్టి రూల్స్ ప్రకారం ఆ మొట్టమొదటి డబ్బాకే అనుమతి రాదు. తిండి పెట్టకూడదు, స్థలం యజమాని ఒప్పుకోకుండా గొయ్యి తవ్వి పాతకూడదు!

ఆఫీసు పని మీద జర్మనీలో మూడు నెలలు ఉన్నప్పుడు నాకిది అంటుకుంది. అక్కడ పార్కు బెంచీ కింద, వంతెన దగ్గర, చెట్టు తొర్రలో, ఎక్కడ చూసినా డబ్బాలే. నాకు దొరికిన మొదటిది వేలి చివరంత ఉంది. అయస్కాంతంతో బెంచీ కింద అతుక్కుని ఉంది. లోపలి కాగితం చుట్ట తీయడానికి ట్వీజర్స్ కావాల్సి వచ్చింది. తిరిగొచ్చాక ఇక్కడ మ్యాప్ తెరిచాను. అక్కడ స్క్రీన్ నిండా చుక్కలు, ఇక్కడ ఎంత జరిపినా ఖాళీయే. అయితే నేనే పెడతా అనుకున్నా. ఎక్కడ? ఇంకెక్కడ, మౌలాలి గుట్ట.

ఆ గుట్టని సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైల్లో వెళ్లినవాళ్లంతా చూసే ఉంటారు. బోర్లించిన గిన్నెలా నున్నటి ఒకే బండ, పైన తెల్లటి దర్గా. కుతుబ్‌షాహీల కాలంలో, 1578లో, యాకూత్ అనే ఆస్థాన ఉద్యోగికి కల వచ్చిందని చెబుతారు. కలలో హజ్రత్ అలీ ఈ కొండ మీద రాయికి చెయ్యి ఆనించి కూర్చున్నారట. తెల్లారి వెళ్లి వెతికితే రాతి మీద చేతి గుర్తు దొరికిందట. మౌలా అలీ జనం నోట్లో మౌలాలి అయింది. గుట్ట కింద మహ్‌లఖా బాయి సమాధి తోట ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి ఆమె. నిజాం దర్బారులో ఏనుగెక్కి తిరిగిన మనిషి. తల్లి కోసం కట్టించిన చోటే తనూ ఉండిపోయింది. అమెరికా ప్రభుత్వ నిధులతో ఆ తోటని బాగుచేశారు. ఇంత కథ ఉన్న చోట ఒక డబ్బా లేకపోతే ఎలా అనిపించింది నాకు.

ఇక సామాన్లు. పాశ్చాత్య దేశాల్లో దీనికోసం వేలు పోసి గార్మిన్ రిసీవర్లు కొంటారు. మనకి ఫోన్ చాలు. (ఒక మాట: ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే పరికరాలు మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడటం నేరం. ఉత్త జీపీఎస్ వేరు, అది వేరు. విదేశాల నుంచి ఫ్రెండ్ తెస్తానంటే ఒప్పుకోకండి.) పవర్ బ్యాంక్, టార్చ్, రెండు పెన్నులు. డబ్బా మాత్రం నాలుగు వైపులా క్లిప్పులుండి, మూతకి రబ్బరు రింగు ఉన్నదే కావాలి. మన జులై వాన మామూలు మూతని లెక్కచెయ్యదు. కొత్త బూట్ల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల వేయాలి. అన్నిటికంటే ముఖ్యం ఒక కర్ర. జర్మనీలో నేర్పనిది ఇదే. మన బండల సందుల్లో తేలు ఉంటుంది, ఒక్కోసారి పామూ ఉంటుంది. చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టాలి.

ఇంజినీరింగ్ చదివినవాడిగా చెప్పుకోడానికి సిగ్గుపడే విషయం ఇంకోటి. ఈ ఆటలో చోటుని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతుల్లో రాస్తారు. మౌలాలి గుట్ట సుమారుగా ఉత్తరం 17 డిగ్రీల 28 నిమిషాలు, తూర్పు 78 డిగ్రీల 33.6 నిమిషాలు. నేను దాన్ని మామూలు మ్యాప్‌లో 17.28, 78.336 అని కొట్టాను. అరవై నిమిషాలకి ఒక డిగ్రీ అని ఆరో క్లాసులో చెప్పారు కదా, మర్చిపోయా. పిన్ను వెళ్లి హిమాయత్‌సాగర్ అవతల పడింది, గుట్టకి ముప్పై కిలోమీటర్ల దూరంలో! ఇంట్లోనే చూసుకున్నా కాబట్టి పరువు మిగిలింది. సరిగ్గా రాస్తే నిమిషంలో వెయ్యో వంతు అంటే రెండు మీటర్ల లోపే. కానీ ఫోనే మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. పెద్ద బండ పక్కన నిలబడితే సిగ్నల్ రాతికి తగిలి తిరిగొచ్చి ఇంకా తికమక పెడుతుంది. అందుకే చివరి పది అడుగులు కళ్లతోనే వెతకాలి. బండ కింద వంగి చూస్తున్నది అందుకే.

సరే, పెద్దాయన దగ్గరికి వద్దాం.

ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. ఆట తెలియనివాళ్లని హ్యారీ పాటర్ నుంచి తెచ్చుకున్న మాటతో 'మగుల్' అంటారు. మగుల్స్ కంట పడకుండా వెతకాలి, దాచాలి. జర్మనీలో అది తేలిక. అక్కడ నువ్వు చెట్టెక్కినా ఎవడూ అడగడు. ఇక్కడ? నోటికొచ్చిన అబద్ధం చెప్పేశా.

"బండి తాళం చెవి పోయింది తాతా."

అదే తప్పయింది. ఆయన పూలబుట్ట పక్కన పెట్టి కిందికి వంగాడు. "ఏయ్, ఇటు రండ్రా! అన్న చెవి పోగొట్టుకున్నడంట!" అని కేకేశాడు. మెట్ల మీద ఆడుకుంటున్న నలుగురు పిల్లలు దిగొచ్చారు. ఒకడు ఫోన్ టార్చ్ వేశాడు. టీ కొట్టు నుంచి ఇంకొకాయన వచ్చాడు. "ఎప్పుడు పోయింది? ఎక్కడి దాకా ఎక్కినవ్? జేబులు మంచిగ చూసుకున్నవా?" నా తాళం చెవి నా జేబులోనే గట్టిగా తగులుతోంది. ఇరవై నిమిషాలు ఆరుగురు మనుషులు లేని చెవి కోసం బండల మధ్య వెతికారు. నేనూ వెతికాను, ఏం చెయ్యను? చివరికి ఒక బుడ్డోడు నిజంగానే ఒక తాళం చెవి పట్టుకొచ్చాడు. తుప్పు పట్టింది, ఏ బీరువాదో.

"ఇదేనా అన్నా?"

ఇక ఉండబట్టలేక నిజం చెప్పేశాను. బ్యాగులోంచి డబ్బా తీశాను, చూపిద్దామని. పిల్లలు దగ్గరికొచ్చారు. పెద్దాయన మాత్రం ఒక అడుగు వెనక్కి వేశాడు.

"గా డబ్బల ఏముంది?"

మూత తీసి చూపించా. నోట్‌బుక్, పెన్సిల్, రెండు కీచైన్లు. ఆట గురించి నాకు తెలిసిన తెలుగులో అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. నవ్వలేదు, కోప్పడలేదు.

"మంచిగనే ఉంది బిడ్డా నీ ఆట. నువ్వు పెట్టి పోతవ్. రేపు ఎవరన్న ఈ డబ్బ చూసి ఫోన్ కొడితే పోలీసోళ్లు ఎవర్ని అడుగుతరు? నిన్నా, మమ్మల్నా?"

నా దగ్గర జవాబు లేదు. 2007లో మే నెలలో మక్కా మసీదు, ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్. నాకప్పుడు పదేళ్లు. కొన్నాళ్లు అమ్మ బస్సు సీటు కింద చూశాకే కూర్చోనిచ్చేది. 2013లో దిల్‌సుఖ్‌నగర్. ఈ ఊళ్లో దిక్కులేకుండా పడి ఉన్న డబ్బా అంటే అర్థం వేరు. మక్కా మసీదు పేలుడు తర్వాత అనుమానంతో పట్టుకెళ్లిన కుర్రాళ్లలో చాలామంది నిర్దోషులని తర్వాత కోర్టుల్లో తేలింది. కానీ అప్పటికి వాళ్ల చదువులూ ఉద్యోగాలూ ఏమయ్యాయో వాళ్లకే తెలియాలి. గుట్ట కింద బతికేవాళ్లు ఇదంతా పేపర్లో చదివి తెలుసుకోలేదు.

ఇంటికొచ్చి రూల్స్ మళ్లీ చదివాను. మొదటిసారి టర్మ్స్ అండ్ కండిషన్స్ లాగా కిందికి తోసేసినవే. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలన్నది గుర్తుంది, ఎందుకంటే అది లెక్క. కానీ స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి ఉండాలి అని స్పష్టంగా రాసి ఉంది. జనం బాంబేమో అనుకునే అవకాశమున్న చోట్ల, అంటే స్టేషన్లు, వంతెనలు, స్కూళ్లు, మిలటరీ స్థలాల దగ్గర వద్దని కూడా ఉంది. ఇప్పుడు మౌలాలి మ్యాప్ చూడండి. ఒక పక్క స్టేషన్, లోకో షెడ్, ఇంకో పక్క ఆర్మీ వాళ్ల ఏరియా, పైన దర్గా. నేను ఎంచుకున్న చోటు ఆ రూల్స్ ప్రకారమే పనికిరాదు. పెద్దాయన ఒక్క వాక్యంలో చెప్పింది నేను పది పేజీల్లో చదవలేదు.

మరి గుట్టని వదిలేయాలా? అక్కర్లేదు. ఈ ఆటలోనే 'ఎర్త్‌కాష్' అని ఒకటుంది. 2004లో మొదలైంది. డబ్బా ఉండదు. భూగర్భ శాస్త్రానికి సంబంధించి అక్కడికి వెళ్లి చూస్తే తప్ప జవాబు తెలియని ప్రశ్నలు ఇస్తారు. మౌలాలికి అచ్చంగా సరిపోయేది ఇదే. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో గడ్డకట్టి, పైనున్న బరువంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక ఊపిరి వదిలినట్టు వ్యాకోచిస్తుంది. అప్పుడు ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడుతుంది. గుట్టకి ఆ గుండ్రటి ఆకారం అలా వచ్చిందే. మెట్లెక్కుతూ పక్కకి చూస్తే పొరల అంచులు కనిపిస్తాయి. కొన్ని అరచేయంత మందం, కొన్ని మనిషంత. నా ప్రశ్న కూడా తయారైంది: మెట్ల సగంలో కుడివైపు ఎన్ని పొరలు లెక్కపెట్టగలరు? మెట్లెన్ని అని మాత్రం అడగను. ఐదొందలకి కాస్త తక్కువంటారు. నేను రెండుసార్లు లెక్కపెడుతూ రెండుసార్లూ ఆయాసంలో మర్చిపోయాను. దీనికీ అనుమతి కావాలి, అడిగే పనిలో ఉన్నా.

డబ్బా మాత్రం వృథా కాలేదు. హెచ్‌బీ కాలనీలో మా ఫ్రెండ్ వాళ్లింటి ప్రహరీ బయట బోగన్‌విలియా తీగ ఉంది. వాళ్లమ్మగారికి అంతా చెప్పి అడిగాను. "వీధిలో అందరికీ చెప్పే పెడదాం" అంది ఆంటీ. ఎదురింటి వాళ్లకి, ఇస్త్రీ బండి ఆయనకి, పాలవాడికి కూడా చెప్పింది. మూత మీద 'ఇది ఆట డబ్బా' అని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో రాశాం, నా ఫోన్ నంబర్‌తో సహా. డబ్బా పారదర్శకంగా ఉండేది కొన్నాం. లోపల ఏముందో బయటికే కనిపిస్తుంది. వీధి వీధంతా తెలిసిన రహస్యం. జర్మనీ ఫ్రెండ్‌కి చెప్తే నవ్వాడు. లోపల ఆ తుప్పు పట్టిన తాళం చెవి కూడా వేశాను. ఏదైనా తీసుకుంటే దానికి సమానమైనది పెట్టాలని రూల్. దానికి సమానమైనది ఏమిటో నాకూ తెలీదు.

వాలంటీర్ రివ్యూయర్ ఓకే చేసిన పన్నెండో రోజు, శనివారం సాయంత్రం, ఆంటీ ఫోన్ చేసింది.

"నాన్నా, మీవాడే అనుకుంటా. బెంగళూరు నంబర్ బండి. పావుగంట నుంచి తీగ దగ్గర నిలబడి ఫోన్ చూస్తున్నాడు, అటూ ఇటూ దొంగ చూపులు చూస్తున్నాడు. ఏం చెయ్యమంటావ్?"

"ఏం చెయ్యొద్దు ఆంటీ, వెతకనివ్వండి. చెప్పేస్తే ఆట పోతుంది."

ఫోన్‌లో ఒక్క క్షణం నిశ్శబ్దం.

"ఎడమవైపు అని చెప్పేశాను కదా. ఇస్త్రీ ఆయన కూడా వచ్చి చూపిస్తున్నాడు. సరే ఉంటా నాన్నా, టీ పొంగుతోంది."