ఒకరు ఎత్తుకుంటే... ఊరు అందుకుంటుంది!

రీటేకులుండవు. తప్పు దిద్దే యంత్రాలుండవు. ఒకరు పాట ఎత్తుకుంటే పాతికమంది అందుకుంటారు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లే దారిలో, సంక్రాంతి తర్వాత వినిపించే పాట అది. దాని రుచి తెలియాలంటే ఆ ఊళ్లకు వెళ్లాల్సిందే!

నవనందుల నడుమ ఉన్న నంద్యాల దాటి దక్షిణంగా బయల్దేరితే తూర్పున నల్లమల కొండలు తోడొస్తాయి. కేసీ కాలువ కింద పొలాలు, శిరివెళ్ల, ఆ తర్వాత ఆళ్లగడ్డ... మొత్తం సుమారు 40 కిలోమీటర్లు. ఈ పేర్లు చెప్పగానే చాలామందికి సినిమాల్లో చూసిన బాంబులూ, సుమోలే గుర్తొస్తాయి. ఆళ్లగడ్డ వీధుల్లో మాత్రం ఎక్కువగా వినిపించేది రాతిని చెక్కే ఉలి చప్పుడు. ఇక్కడి శిల్పులు మలిచిన దేవతామూర్తులు ఎన్నో రాష్ట్రాల గుళ్లకు వెళ్తాయి. చీకటి పడ్డాక చుట్టుపక్కల పల్లెల్లోకి వెళ్తే ఇంకో చప్పుడు పలకరిస్తుంది. రామాలయం ముందు చెక్కలు, గజ్జెలు కలిసి మోగే చప్పుడది.

దేవుడే పిలవడానికి వస్తే...

ఆ చప్పుడుకు అసలైన సీజను పార్వేట. అహోబిల నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని ఇక్కడివారి నమ్మకం. కాబట్టి చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. తన కల్యాణానికి రమ్మని పిలవడానికి స్వామి స్వయంగా ఊరూరా తిరుగుతాడు. కనుమ రోజున జ్వాలా నరసింహుడు, ప్రహ్లాద వరదుడు ఒకే పల్లకిలో కొండ పాదం నుంచి బయల్దేరతారు. 40 రోజులకు పైగా, 30కి పైగా గ్రామాల్లో పూజలందుకుని, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల వేళకు తిరిగి చేరుకుంటారు.

పల్లకి తమ ఊరికి వచ్చే రోజే అక్కడివారికి అసలు పండగ. ఆడపడుచులు పుట్టింటికి వస్తారు. వలస వెళ్లినవారు సెలవు పెట్టి మరీ దిగుతారు. పెళ్లిపిలుపుకు వచ్చిన దేవుణ్ని ఉత్తచేతులతో పంపిస్తారా? పాటతో ఎదురెళ్తారు. ఆటతో సాగనంపుతారు.

గొంతూ కాలూ కలిస్తేనే...

చెక్కభజన రాయలసీమ సొత్తు. జానెడు చెక్కల్లో లోహపు బిళ్లలు బిగిస్తారు. జత చెక్కల్ని ఒకే చేతిలో పట్టుకుని తాళం వేస్తారు. కాళ్లకు గజ్జెలు, నడుముకు బిగించిన పంచె. పక్కన హార్మోనియం, మద్దెల. గురువు మధ్యలో నిలబడి పల్లవి ఎత్తుకుంటాడు. చుట్టూ ఉన్నవారు దాన్ని అందుకుంటూ అడుగులేస్తారు. మొదట నెమ్మదిగా, తర్వాత జోరుగా... చివరికి చెక్క ఏది, గజ్జె ఏది, గొంతు ఏది అన్నది విడదీసి చెప్పలేం.

ఇందులో చిన్న కిటుకుంది. గురువు చివరి అక్షరం ఇంకా గాలిలో ఉండగానే బృందం మొదటి అక్షరం పలకాలి. అప్పుడే గురువు గుక్క తిప్పుకోగలడు. పాట మాత్రం తెగదు. మగవారి గొంతు కింది స్థాయిలో నడుస్తుంటే, పిల్లల గొంతు అదే వరుసను పైస్థాయిలో పట్టుకుంటుంది. గొంతు పెద్దదైనవాడు కాస్త తగ్గాలి, సన్నగా పాడేవాడు ధైర్యం చేయాలి. పక్కవాడి పాట వినకుండా ఎవరూ తమ పాట పాడలేరు. పొలం పనులు ముగించుకుని, రాత్రిపూట నెలల తరబడి నేర్చుకుంటే తప్ప ఆ కలయిక కుదరదు.

ఒక్క మైకు, ఒక్క రోజు

ఈ కిటుకు మన పల్లెలకే పరిమితం కాదు. పల్లెపాటకు రాక్ సంగీతాన్ని జోడించిన బాణీని పాశ్చాత్యులు కంట్రీ రాక్ అంటారు. ఆ బాణీలో పాడే కెనడా బృందం కౌబాయ్ జంకీస్ 1987 నవంబరు 27న టొరంటోలోని హోలీ ట్రినిటీ చర్చిలో సమావేశమైంది. ఒకే ఒక్క మైకు పెట్టుకుని, చుట్టూ కూర్చుని, ఒక్క రోజులోనే ఆల్బమ్ దాదాపు మొత్తం రికార్డు చేసింది. ఎవరు మైకుకు దగ్గర, ఎవరు దూరం అన్నదే అక్కడ మిక్సింగ్. మరుసటి ఏడాది ‘ది ట్రినిటీ సెషన్’ పేరుతో వచ్చిన ఆ ఆల్బమ్ వారికి ప్రపంచమంతా పేరు తెచ్చింది. గుడి ముందు హార్మోనియం దగ్గరగా, చెక్కలు కాస్త దూరంగా ఉండేలా బృందాన్ని నిలబెట్టే భజన గురువు చేసే పనీ అదే!

మాట మిగిలింది... మరి పాట?

అయితే ఇలాంటి పాటను దాచేదెలా? ఆ ప్రశ్నకు అహోబిలంలోనే ఓ పాఠముంది. తాళ్లపాక అన్నమాచార్యుడు ఇక్కడి శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడని మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరచబట్టే అందులో కొన్ని వేలైనా మనకు దక్కాయి. కానీ ఆ రేకుల మీద ఉన్నది సాహిత్యం, రాగం పేరు. స్వరాలు లేవు. అన్నమయ్య ఎలా పాడాడో చెప్పే గొంతుల గొలుసు మధ్యలో తెగిపోయింది. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు 20వ శతాబ్దంలో మళ్లీ బాణీలు కట్టాల్సి వచ్చింది.

నేటి పల్లెపాటకు రాగిరేకుల బదులు సెల్‌ఫోన్లున్నాయి. మాటతో పాటు బాణీ కూడా రికార్డవుతుంది. అది మేలే. కానీ గురువు గుక్క తిప్పుకునే క్షణంలో పాటను అందుకోవడం ఫోను నేర్పదు. చదువుకోసం, కొలువుకోసం కుర్రకారు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతే రామాలయం ముందు వలయంలో ఖాళీలు ఏర్పడతాయి. ఆ ఖాళీని పూడ్చడానికి స్పీకరు బాక్సులొస్తాయి. పాట మోగుతూనే ఉంటుంది... పాడేవారే ఉండరు!

ఆశ లేకపోలేదు. ఒకప్పుడు గట్టు మీద కూర్చుని చూసిన ఆడవాళ్లు ఇప్పుడు భజన, కోలాట బృందాలు కట్టి వీధిలోకొస్తున్నారు. పండక్కి వచ్చిన కుర్రాళ్లలో కొందరు చిన్నప్పుడు నేర్చుకున్న అడుగును మరిచిపోకుండా వలయంలో చేరిపోతారు. పార్వేట పల్లకి ఏటా ఊరికి రావడం వల్ల కలిగే మేలు ఇదే. కనీసం ఏడాదికొకసారైనా అందరూ కలిసి పాడక తప్పదు.

ఎలా వెళ్లాలి?

2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే ఈ ఊళ్లన్నీ ఉన్నాయి. నంద్యాలకు రైలు, బస్సు సౌకర్యాలున్నాయి. అక్కణ్నుంచి కడప వెళ్లే జాతీయ రహదారి మీద ఆళ్లగడ్డ వస్తుంది. ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. దిగువ, ఎగువ అహోబిలాల మధ్య దూరం సుమారు 8 కిలోమీటర్లు. పల్లకి ఏ రోజు ఏ ఊళ్లో ఉంటుందో ఆలయంలో అడిగి బయల్దేరడం మంచిది. వెళ్లినప్పుడు ఫోను కాసేపు జేబులో పెట్టండి. పల్లవి తెలియకపోయినా ఫర్వాలేదు... రెండోసారికి మీకూ వచ్చేస్తుంది!